కుక్క పోయిన ఇంటికి షెల్టర్ కుక్కను తెచ్చుకునేటోళ్లకు

ఎవరన్నా ఫోన్ చేసి "మా కుక్క పోయింది, షెల్టర్ నుంచి ఇంకోదాన్ని తెచ్చుకుందామనుకుంటున్నం" అంటే నేను మొదలు అడిగేది, పాతది దేనితోని పోయింది అని. కొందరికి ఆ ప్రశ్న కటువుగ అనిపిస్తది. కాని కుక్క పోయినా దాని రోగం కొన్నిసార్లు ఇంట్లనే ఉండిపోతది. కొత్తదాన్ని ఎప్పుడు తేవాలె, ఎంత వయసుదాన్ని తేవాలె అనేది సగం అక్కడ్నే తేలుతది.

పార్వోతోని పోయిందనుకోండి. వాంతులు, రక్తపు విరేచనాలు, చూస్తుండంగనే పిల్ల వాడిపోవుడు, అదే పార్వో. ఆ వైరస్ నేల మీద, మెట్ల సందుల్ల, మట్టిలో నెలల తరబడి ఉంటది, ఏడాది దాకా సుత ఉండొచ్చు. ఫినాయిల్‌కు చావది. మొదలు సబ్బునీళ్లతోని మురికంతా కడిగి, తర్వాత బట్టల బ్లీచ్ ఒక వంతుకు నీళ్లు ముప్పై వంతులు కలిపి నేల తడిపి, పది నిమిషాలు ఆరకుండ ఉంచాలె. దాంట్ల బాత్రూం యాసిడ్ కలపొద్దు, విషపు గాలి పుడతది. మట్టి వాకిలి ఉంటే బ్లీచ్ చల్లినా లాభం లేదు. అసుంటి ఇంటికి చిన్న పిల్లను తేనే తేవద్దు. టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి. కుక్కపిల్లలకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా వేస్తరు. అవి పూర్తిగాక ముందు ఆ వాకిట్ల దించుడు అంటే మళ్ల అదే బాధను పిలిచి ఇంట్ల పెట్టుకున్నట్టు.

మన దిక్కు ఎక్కువ వినబడేది టిక్ ఫీవర్. గోమార్ల జ్వరం. గోమార్లనే కొన్ని దిక్కుల పిడుదులంటరు. కుక్క మీద కనబడేటివి కొన్నే, మిగిలినవి ఇంట్ల ఉంటయి. కడుపునిండ రక్తం తాగిన ఆడ గోమారి కుక్క మీది నుంచి దిగి గోడ ఎక్కి, తలుపు చట్రం పగుల్లల్ల, కరెంటు బోర్డు వెనక, స్లాబు మూలల్ల వేల గుడ్లు పెడతది. పెద్ద గోమార్లు తిండి లేకుండ నెలలు బతుకుతయి. ఇంట్ల కుక్క లేదు కదా, అవే చస్తయిలే అనుకోవద్దు. ఒక టార్చిలైటు పట్టుకొని పాత కుక్క పండుకున్న చోటు చుట్టూ గోడను మోకాలెత్తు నుంచి పైదాకా చూడండి. కందిగింజలంత బూడిదరంగు ఉబ్బులు కనబడితే మందు కొట్టియ్యాలె, పగుల్లు సిమెంటుతోని పూడ్చాలె, పాత గొనెసంచులు, బొంతలు కాలబెట్టాలె. మందు ఏది, ఎంత కలపాలె అనేది పశువుల డాక్టర్ను అడిగే చెయ్యండి. బర్లకు కొట్టే మందు మిగిలింది కదా అని అదే చిక్కగ కొట్టి కుక్కల ప్రాణం మీదికి తెచ్చినోళ్లు ఉన్నరు. ఇంట్ల పిల్లి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలె. కుక్కకు పనిచేసే కొన్ని మందులు పిల్లికి విషం.

కిడ్నీలు పోయినయంటే వయసుతోనా, లెప్టోతోనా అని అడిగి తెలుసుకోండి. లెప్టో ఎలుకల మూత్రంతోని వస్తది, మనుషులకు సుత అంటుకుంటది. అప్పుడు కుక్క కంటే ముందు ఎలుకల సంగతి చూడాలె. ముసలితనం, గుండె, యాక్సిడెంట్ అయితే ఇంటికి చేయాల్సింది ఏమీ లేదు. యాక్సిడెంట్ అయితే మాత్రం గేటు చూసుకోవాలె.

నేను రైల్వేల గార్డుగ చేసి రిటైరైన. కాజీపేట ఫాతిమానగర్ల ఉంటం. మా నల్లోడు పదమూడేండ్లు ఉండి కిడ్నీలు చెడి పోయిండు, వయసుతోనే. ఇప్పుడు ఇంట్ల ఉన్నది బంగారి. షెల్టరోళ్లు పెట్టిన పేరు లక్కీ. ప్రతి షెల్టర్ల నలుగురు లక్కీలు ఉంటరు, అందుకే మా ఇంటామె మార్చింది.

ఎప్పుడు తేవాలె

"ఇంకోటి తెచ్చుకోండి, మరిచిపోతరు" అని చెప్పేటోళ్లు మంచోళ్లే, కాని ఆ మాట వినొద్దు. "ఏడాది ఆగాలె, లేకపోతే పాతదానికి అన్యాయం" అనేటోళ్ల మాట సుత వినొద్దు. క్యాలెండర్‌తోని ఇది తేలది. నేను చెప్పే గుర్తు ఒకటున్నది. పాత కుక్క స్టీలు గిన్నె కడిగి వేరే కుక్క ముందట పెట్టుడు మీ కళ్ల ముందు ఊహించుకోండి. పెట్టగలిగితే పొయ్యి చూసి రావచ్చు. చెయ్యి రాకపోతే ఇంకా కొన్నాళ్లు ఆగండి. ఇంట్ల అందరికీ ఇది ఒకేసారి రాదు. నాకు ముందు వచ్చింది, మా ఇంటామెకు చానా ఆలస్యం అయింది. పొద్దుగాల తలుపు తీసి ముందుగాల దానికి పాలు పోసింది ఆమె కాబట్టి, ఆమె సరే అన్నంక పోవుడే న్యాయం. సర్‌ప్రైజ్ అని చెప్పి మూతగట్టిన డబ్బాలో కుక్కపిల్లను తెచ్చి చేతుల పెట్టే కొడుకులు ఉంటరు. దయచేసి ఆ పని చెయ్యకండి.

ఆగుతున్నన్ని రోజులు ఖాళీగ ఉండనక్కర లేదు. పాత కుక్క మందులు, మూత తీయని తిండి సంచులు మిగిలితే షెల్టరుకు ఇచ్చి రండి. కిడ్నీలు చెడిన కుక్కలకు పెట్టే స్పెషల్ తిండి కొనుడు వాళ్లకు భారమే. అట్ల పోతూ వస్తూ ఉంటే అక్కడి కుక్కలు మీకు తెలుస్తయి, మీరు వాటికి తెలుస్తరు.

ఒక కాలం మాత్రం తప్పించండి. దీపావళి ముందు రెండు వారాలు, వినాయకుని డీజేలు తిరిగే రోజులు. కొత్త ఇంటికొచ్చిన కుక్క ఒక్క లక్ష్మీబాంబుకు గోడ దూకి ఉరికిందంటే, అది మీ ఇల్లు ఎక్కడున్నదో తెల్వని కుక్క. తిరిగి వచ్చుడు దానితోని కాదు. మన వరంగల్ మే నెల సుత అంత మంచిది కాదు, నలభై నాలుగు డిగ్రీలల్ల ప్రయాణం దానికి నరకం.

మీకు యాదికున్నది ముసలి కుక్క

ఇది జర నిదానంగ చదవండి. షెల్టర్ కుక్కను తెచ్చి కొన్ని వారాలకే "ఇది మా రాజాలెక్క లేదు" అని వాపస్ ఇచ్చేటోళ్లు ఎందుకు ఇస్తరంటే, వాళ్లు కొత్తదాన్ని పోల్చేది రాజా ఆఖరి నాలుగేండ్లతోని. అప్పటికి రాజాకు మీ చెప్పుల చప్పుడు తెలుసు, పాలాయన తెలుసు, గ్యాస్ సిలిండరాయన తెలుసు, ఏ కుర్చీ ఎక్కొద్దో తెలుసు. ఆ తెలివి దానికి పుట్టుకతోని రాలేదు, మీరు పదేండ్లు కలిసి ఉంటే వచ్చింది.

మా నల్లోని సంగతే చెప్త. పోయినంక మేం మాట్లాడుకునేదంతా వాడు గేటు కాడ పండుకొని, నేను నైట్ డ్యూటీ దిగి సందు మలుపు తిరుగంగనే తోక కొట్టుడు గురించే. ఒకరోజు పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే నా జనరల్ అండ్ సబ్సిడరీ రూల్స్ పుస్తకం దొరికింది. మూల మొత్తం కొరికి, అట్ట మీద పండ్ల గాట్లు. డిపార్ట్‌మెంటు పుస్తకం, పోతే జవాబు చెప్పుకోవాలె. అది నమిలింది నల్లోడే, మొదటి ఏడాది. అదే ఏడాది పక్కింటోళ్ల కోడిని పట్టిండు, మా అమ్మ మడిబట్ట చింపిండు, రాత్రంతా ఏడిసిండు. మేం అన్నీ మరిచిపోయినం.

అందుకే షెల్టరుకు పోయే ముందు ఇంట్లోళ్లంతా కూసొని పాత కుక్క మొదటి ఏడాది ఏమేం చేసిందో ఒక కాగితం మీద రాయండి. ఏమేం చింపింది, ఎక్కడెక్కడ పోసింది, ఎవర్ని కరవపోయింది. నవ్వుకుంటరు, కండ్లల్ల నీళ్లు సుత వస్తయి. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి పెట్టండి. కొత్తది చెప్పు కొరికిన నాడు పనికొస్తది.

అదే కారణంతోని, రూపంల పాతదాన్ని పోలిన కుక్క జోలికి పోవద్దని నా సలహా. మేం పోయిన చోట అచ్చం నల్లోని లెక్క నల్లగ, ఛాతి మీద తెల్లమచ్చతోని ఒకడు ఉన్నడు. మా ఇంటామె కాసేపు చూసి, "వీన్ని తీసుకపోతే రోజూ వాడు కాదని కోపం వస్తది నాకు" అన్నది. ఆ మాట మీదనే పక్కకు జరిగినం. వాడు తర్వాత ఇంకో ఇంటికి పోయిండని విన్న, సంతోషం.

ఏ వయసుది

అందరికీ పిల్లలే కావాలె. నా లెక్క వేరే. నాకు అరవై దాటినయి. పిల్లను తెస్తే అది పన్నెండు, పద్నాలుగేండ్లు బతుకుతది. బలమెక్కిన కుక్క గుంజుకపోతే మోకాళ్లు ఆగుతయా? రెండు నుంచి ఐదేండ్ల మధ్యది అయితే దాని సైజు తెలిసిపోయింది, గుణం దాదాపు తెలిసిపోయింది, టీకాల గండం గడిచింది. ముసలి కుక్కను తెచ్చుకుంటే పుణ్యమే, కాని ఒక చావు చూసి వచ్చిన ఇల్లు ఇంకోదాన్ని తొందర్లనే చూడగలదా అని నిజాయితీగ అడుక్కోవాలె. నాతోని కాదు.

పెద్దవయసోళ్లు ఇంకో పని చెయ్యాలె. మాకేమన్నా అయితే కుక్కను ఎవరు చూస్తరు అనేది పేరుతోసహా ఖాయం చేసుకోవాలె. మా కొడుకు బెంగళూర్ల అపార్ట్‌మెంట్ల ఉంటడు, వానితోని కాదు. మా సందు చివరి డిగ్రీ పిలగాడు ఒప్పుకున్నడు, బంగారిని వారానికోసారి వాడే తిప్పుకొస్తడు. అట్ల అలవాటైతది.

ఇక కిరాయి ఇంట్ల ఉంటే ఓనర్‌తోని ముందే మాట్లాడండి. దాచిపెట్టి తెస్తే మొరిగిన మొదటి రాత్రే బయటపడతది.

ఎక్కడ వెతకాలె

హైదరాబాద్‌లో పెద్ద షెల్టర్లు ఉన్నయి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన్రు. మన హన్మకొండ, వరంగల్, కాజీపేట దిక్కు ఎక్కువ పని నడిపేది వాలంటీర్లే. కిరాయి షెడ్డు, ఇంటి మేడమీద నాలుగు, దోస్తు ఫామ్‌ల రెండు, అట్ల ఉంటయి. బోర్డు ఉండది. పశువుల దవాఖాన కాంపౌండర్ను, మెడికల్ షాపాయనను అడిగితే నంబర్లు దొరుకుతయి. అక్కడ మన దేశీ కుక్కలే కాదు, లాబ్రడార్లు, పొమరేనియన్లు సుత దొరుకుతయి. గజ్జి వచ్చిందనో, ట్రాన్స్‌ఫర్ అయిందనో ఇడిసిపెట్టి పోయినవి. నన్నడిగితే మన ఎండకు దేశీదే నయం.

వీధికుక్కలకు పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసే కార్పొరేషన్ వాళ్ల కేంద్రం షెల్టర్ కాదు, ఇది తెలుసుకోవాలె. అక్కడున్నవి చానావరకు వీధికుక్కలు. ఏబీసీ (యానిమల్ బర్త్ కంట్రోల్) రూల్స్ 2023 ప్రకారం ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, ఏ వీధిలో పట్టిన్రో ఆ వీధిలోనే వదలాలె. చెవి కొస కత్తిరించి ఉన్నదంటే ఆపరేషన్ అయిన కుక్క అని గుర్తు. వీధికుక్కనే దత్తత తీసుకోవాలనుకుంటే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 నాడు ఇచ్చిన ఆర్డర్లనే ఉన్నది. అట్ల తీసుకున్న కుక్క మళ్ల వీధిల పడకుండ చూసే బాధ్యత తీసుకున్నోళ్లదే అని సుత దాంట్లనే ఉన్నది. నచ్చకపోతే గేటు తీసి ఇడిసిపెట్టుడు కుదరదు.

చూడబోయినప్పుడు

తిండి పెట్టే టైముకు పోవద్దు. అప్పుడు అన్నీ పిచ్చెక్కినట్టు మొరుగుతయి, ఏదెట్లాంటిదో తెల్వది. మధ్యాహ్నం పోండి. లోపలికి పోయి మాట్లాడకుండ, పక్కకు తిరిగి కింద కూసోండి. కుక్క తల మీదికి వంగి చెయ్యి పెట్టుడు, కండ్లల్లకు గుచ్చి చూసుడు దానికి బెదిరింపే. బంగారి మొదలు మా దగ్గరికి రానే లేదు. నీళ్ల తొట్టి వెనక నిలబడి, చెవులు వెనక్కి ఏసి, ఒక కాలు లేపి చూస్తున్నది. నేను పార్లే-జీ ముక్క ఒకటి అరచేతిల పెట్టి, మొఖం గోడ దిక్కు తిప్పి కూసున్న. చెయ్యి నొప్పి పుట్టినంక తడి ముక్కు తగిలింది. బిస్కెట్ తీసుకొని మళ్ల తొట్టి వెనక్కి పోయింది, కాని ఈసారి అక్కడ కూసొని తిన్నది, నిలబడి కాదు. ఆ కూసునుడు చూసి నేను సంబురపడ్డ. భయం ఉన్నది గాని కోపం లేదు. భయం కరుగుతది.

దూరంగ ఉండి మూతి నాకుకునుడు, ఆవులించుడు, తెల్లగుడ్డు కనబడేటట్టు చూసుడు, ఇవన్నీ "నాకు ఇబ్బందిగున్నది" అనే చెప్పుతయి. అప్పుడు ముందుకు పోవద్దు. ఒళ్లు బిగుసుకొని, కదలకుండ, గుర్రుమంటే అక్కడి మనుషులను పిలవండి. ఒక్కసారి చూసి తీసుకురావద్దు. రెండోసారి షెడ్డు బయటికి తాడుతోని తిప్పి చూడండి. షెడ్డుల చిందులేసేది బయట గొర్రెపిల్ల కావచ్చు, లోపల మూలకున్నది బయట హుషారుగ ఉండొచ్చు. ఇంట్ల చిన్నపిల్లలుంటే రెండోసారి వాళ్లను సుత తీసుకపోవాలె.

వాలంటీర్లను అడగాల్సినవి: ఎక్కడ దొరికింది, ఎన్నాళ్ల నుంచి ఉన్నది, ఎవర్నన్నా కరిసిందా, పిల్లులతోని, కోళ్లతోని ఎట్లుంటది, ఒంటరిగ ఉంచితే ఏం చేస్తది, ఆపరేషన్ అయిందా, టీకా కార్డు ఉన్నదా. కార్డు మీద టీకా సీసా స్టిక్కరు, డాక్టర్ సంతకం ఉండాలె. నోటిమాట లెక్కలకు రాదు, కార్డు లేకపోతే మళ్ల వేయించుకోండి. వాళ్లు మిమ్మల్ని సుత బాగనే అడుగుతరు. ఆధార్ కాపీ, ఇంటి ఫోటో అడుగుతరు, మనిషి వచ్చి గేటు చూసి పోతడు. దానికి కోపం తెచ్చుకోవద్దు. అడగకుండ ఇచ్చేటోళ్ల మీదనే నాకు అనుమానం.

రోగాల్ల గజ్జికి భయపడకండి, మందులకు తగ్గేదే. ఒక రకం గజ్జి మనుషులకు కొన్నాళ్లు దురద పుట్టిస్తది, అంతే. ఆడకుక్కకు గాని మగకుక్కకు గాని మూత్రం పోసే చోట రక్తం చుక్కలు, కాలీఫ్లవర్ లెక్క గడ్డ కనబడితే అది టీవీటీ అనే గడ్డ కావచ్చు. వీధికుక్కలకు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుతది. పేరుకు క్యాన్సరే గాని విన్‌క్రిస్టిన్ సూదులు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తే చానావరకు పూర్తిగ నయమైతది. దానికోసం మంచి కుక్కను వదులుకోవద్దు. టిక్ ఫీవర్‌కు మాత్రం తెచ్చిన వారంలనే రక్తపరీక్ష చేయించండి. టిక్ ఫీవర్ల ఒక రకమైన ఎర్లీషియా అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగ ఇరవై ఎనిమిది రోజులు ఇస్తరు. నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతది, మందు ఆపబుద్ధయితది. ఆపొద్దు. మామునూరు వెటర్నరీ కాలేజీ మనకు దగ్గరనే ఉన్నది, మొదటి పరీక్షకు అక్కడికి తీసుకపోవచ్చు.

ఇంటికి తెచ్చుడు

రైలు సంగతి నన్ను అడుగుతరు కాబట్టి చెప్త. కుక్కను మీతోని తెచ్చుకోవాలంటే ఫస్ట్ ఏసీల రెండు బెర్తుల కూపే గాని నాలుగు బెర్తుల క్యాబిన్ గాని మొత్తం మీదే అయి ఉండాలె. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వేటిలోకి రానియ్యరు. లేకపోతే పార్సిల్ ఆఫీసుల బుక్ చేసి గార్డు బ్రేక్ వ్యాన్‌ల ఉండే డాగ్ బాక్సుల పెట్టాలె. నేను ఏండ్ల తరబడి ఆ డబ్బా పక్కన కూసొని పోయినోన్ని. ఇనుము, చీకటి, చక్రాల మోత. ఇంట్ల పెరిగిన కుక్కలే తలుపుకు గోర్లు గీరుతయి. మనిషి మీద నమ్మకం ఇంకా కుదరని షెల్టర్ కుక్కను దాంట్ల పెట్టొద్దని నా మాట.

కారే నయం. బయలుదేరే ముందు నాలుగు గంటలు తిండి పెట్టొద్దు, నీళ్లు పెట్టొచ్చు. పాత దుప్పటి, రెండు తువ్వాలలు, పేపర్లు పెట్టుకోండి. కక్కుతది. షెడ్డుల అది పండుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, ఆ వాసన దానికి ధైర్యం. మెడకు బెల్టు, ఛాతికి హార్నెస్, రెండింటికీ వేరువేరు తాళ్లు. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే ఒక్క బెల్టు తలమీది నుంచి ఊడొస్తది. హైదరాబాద్ నుంచి వస్తే భువనగిరి కాడనో జనగామ కాడనో చాయ్‌కి ఆపుతరు. ఒకరు లోపలనే ఉండి తాళ్లు పట్టుకున్నంక మాత్రమే తలుపు తియ్యండి. దత్తత కుక్కలు ఎక్కువ తప్పిపోయేది ఆ తలుపు కాడ, ఇంటి గేటు కాడ.

మొదటి రోజులు

చుట్టాలను పిలవద్దు. పక్కింటోళ్లు "కొత్త కుక్కనా" అని వస్తరు, గేటు అవతల్నుంచే పలకరించి పంపండి. ఒక మూల చూపెట్టండి, అక్కడ బొంత, నీళ్లు. పాత కుక్క స్థలమే కానక్కర లేదు, వేరే మూల అయితే మీకూ మంచిదే. పాతది అంటురోగంతోని పోలేదంటే గిన్నె వాడుకోవచ్చు. బొంత మాత్రం కొత్తది వెయ్యండి, వేరే కుక్క వాసన ఉన్న గుడ్డ మీద కాలెత్తి పోసే గుణం ఉంటది. వారందాకా స్నానం వద్దు. తిండి ఒకరే, ఒకే టైముకు పెట్టాలె. షెల్టర్ల ఏం తిన్నదో అదే కొన్నాళ్లు పెట్టి, మెల్లగ మార్చాలె. లేకపోతే విరేచనాలు పట్టుకుంటయి.

మన ఇండ్లల్ల మిగిలిన పప్పన్నం పెట్టే అలవాటు ఉన్నది. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కుక్క రక్తాన్ని పాడు చేస్తయి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలకు చేటు, పాయసం గంటె నాకియ్యొద్దు. చాక్లెట్ వద్దు. ఉడికిన కోడి బొక్కలు చీలి పేగులకు గుచ్చుతయి. ఉప్పు, మసాలా లేకుండ ఉడకబెట్టిన చికెన్, అన్నం, గుమ్మడికాయ ముక్క, గుడ్డు, పెరుగు చాలు. మన జ్వరం గోలీలు, నొప్పుల గోలీలు డాక్టర్ చెప్పకుండ ఒక్కటి సుత వెయ్యొద్దు.

ఇంట్ల పోస్తది. దాని ముక్కు అందుల రుద్దుడు పాత పద్ధతి, దానితోని అది నేర్చుకునేది ఒక్కటే, మీ కండ్లముందట పోయొద్దని. మంచం కిందికి పోయి పోస్తది. లేవంగనే, తినంగనే, ఆడంగనే బయట అదే చోటికి తీసుకపోండి. పోసినంక అక్కడ్నే ఒక ముక్క బహుమతి.

వాలంటీర్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తరు. మూడు రోజులు బిత్తరపోయి ఉంటది, మూడు వారాలకు ఇంటి పద్ధతి పడతది, మూడు నెలలకు ఇల్లు తనదనుకుంటది. లెక్క సుమారుదే, బంగారి దీన్ని పట్టించుకోలేదు. అన్నం తొందర్లనే తిన్నది గాని, చీపురు చేతిల కనబడితే నేలకు అతుక్కపోవుడు నెలలు పోలేదు. ఏ కర్రతోని కొట్టిన్రో మనకు తెల్వది. మా ఇంటామె చీపురు నేల మీద పడుకోబెట్టి, దాని మీద బిస్కెట్ ముక్కలు పెట్టుకుంట వచ్చింది. మొదలు ఆమడ దూరం నుంచి మెడ సాపి అందుకునేది. ఇప్పుడు ఊడుస్తుంటే చీపురు వెంట తిరుగుతది, పని కానియ్యది.

ఇంకో సంగతి. నిశ్శబ్దంగ ఉన్న మొదటి వారాలు చూసి "మా కుక్క ఎంత నెమ్మది" అని అందరికీ చెప్పుకోకండి. భయం పోయినంక అసలు గొంతు బయటికొస్తది. మొరుగుడు, చెప్పులు, సోఫా, అప్పుడే మొదలు. అది చెడిపోవుడు కాదు, కుదురుకునుడు. ఫ్రిజ్ మీది కాగితం అప్పుడు చదువుకోండి.

పాత కుక్క పేరు నోటికి వస్తది. మా ఇంట్ల ఇప్పటికీ "నల్లోడా, జరుగు" అంటే బంగారి జరుగుతది. దానికి పట్టింపు లేదు, మనం ఏడవనక్కర లేదు. కాని పాతదానికి చెప్పిన మాటలన్నీ దీనికి వస్తయనుకోవద్దు. నల్లోనికి "ఆగు" అంటే గేటు కాడ ఆగేది. దీనికి ఆ మాట కొత్తగ నేర్పినం, బొమ్మతోని కాదు, రోజూ అన్నం గిన్నె ముందట.

ఎండాకాలంల పొద్దుగాల ఆరు లోపల్నే తిప్పుకురావాలె. మీ చెయ్యి వెనుక దిక్కు రోడ్డు మీద ఐదు సెకన్లు పెట్టి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతది. నాలుక బయటేసి, జొల్లు కార్చుకుంట తూలితే నీడకు తెచ్చి, నల్లానీళ్లు ఒంటి మీద పోసుకుంట, ఫ్యాను గాలి తగలనిచ్చి, డాక్టర్ దగ్గరికి ఉరకాలె.

ఇంట్ల ఎవరికన్నా పన్ను గాటు పడితే, గోరు గీరి రక్తం వచ్చినా, నల్లా కింద సబ్బుతోని పదిహేను నిమిషాలు కడగాలె. పసుపు, సున్నం పూయొద్దు. తర్వాత వరంగల్ ఎంజీఎం దవాఖానకు పొయ్యి చూపెట్టుకోవాలె. కుక్కకు టీకా అయింది కదా అని మీరే తీర్పు చెప్పుకోవద్దు, కార్డు తీసుకపోయి డాక్టరుకే చూపెట్టండి. కుక్క రేబీస్ టీకా ఏడాదికోసారి తప్పకుండ వేయించాలె. జూలై 6 జూనోసిస్ డే నాడు, సెప్టెంబర్ 28 రేబీస్ డే నాడు ప్రభుత్వ పశువుల దవాఖానల్ల ఉచితంగ వేసే క్యాంపులు పెడుతుంటరు, కనుక్కోండి.

కుదరకపోతే

నిజంగ కుదరకపోవచ్చు. ఇంట్ల పసిపిల్ల ఉండి కుక్క ఒకటికి రెండుసార్లు పండ్లు చూపెట్టింది, లేదా మీకే ఆరోగ్యం చెడింది. సిగ్గుపడొద్దు, ఎక్కడ తెచ్చిన్రో వాళ్లకే ముందు ఫోన్ చెయ్యండి. వాళ్లు తిట్టరు, తిట్టినా పడాలె. టీకా కార్డు, అది తినే తిండి, భయపడే సంగతులు, నేర్చుకున్న మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ తర్వాతి ఇంటోళ్లకు అది చానా పనికొస్తది. ఊరి బయట మడికొండ దాటినంక ఇడిసిపెట్టి వచ్చినోళ్లను నేను ఎరుగుదు. ఎవరన్నది రాయను గాని, వాళ్లు మళ్ల కుక్క కావాలని అడిగితే ఏ వాలంటీరు ఇయ్యడు. హన్మకొండ, వరంగల్, కాజీపేట, ఈ మూడు ఊర్ల కుక్కల మనుషులంతా ఒకే వాట్సాప్ గ్రూపుల ఉంటరు.